గొట్టంలో లేని చిల్లు

సోమవారం పొద్దున దీపం మంటకి నత్తి వచ్చింది.

ముప్పై ఏళ్లుగా ఆ మంట సన్నపనాయన గీసిన గీత దాటలేదు. పనిబల్ల మీద చిన్న స్పిరిట్ దీపం, ఆయన నోట్లో జానెడు ఇత్తడి ఊదుగొట్టం, దాని కొసన సూదిబెజ్జమంత రంధ్రం. బుగ్గల నిండా గాలి పట్టి, ముక్కుతో పీలుస్తూ, బుగ్గల్లోంచి మెల్లగా వదులుతూ ఉంటే మంట పక్కకి ఒరిగి నీలం ముల్లులా సాగేది. ఆ ముల్లు మొన తగిలించి వెంట్రుక మందాన ఉండే బంగారు తీగల్ని ఒకదానికొకటి అతికేవాడు. వాటితో ఆకులు, పూరెక్కలు, గూళ్లు అల్లేవాడు. ఆయన అసలు పేరు వేరే. సన్నపని చేసే ఆయన గనక వీధంతా సన్నపనాయన అని పిలిచీ పిలిచీ, చివరికి కరెంటు బిల్లు తెచ్చేవాడు కూడా ఆ పేరుతోనే వాకబు చేసేదాకా తెచ్చారు.

వీధిలో మిగతా వాళ్లందరూ గ్యాస్ మంటకి మారి చాలా ఏళ్లయింది. గొలుసులకీ ఉంగరాలకీ అది బాగానే ఉంటుంది. వెంట్రుక తీగ మీద గ్యాస్ మంట పెట్టడం మాత్రం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. రెప్ప వేసి తెరిచేలోగా తీగ కరిగి ఆవగింజంత ఉండై కూర్చుంటుంది. అందుకే తీగపని ఎక్కడికొచ్చినా ఆయన దగ్గరికే పంపేవాళ్లు. ఆయన ఊపిరికున్న ఒడుపు ఇంకెవరికీ లేదు. చెప్పుకోవడానికి ఆయనకున్నదీ అదొక్కటే.

కొట్టు పొడుగ్గా, ఇరుకుగా ఉంటుంది. బల్ల ముందు కొనేవాళ్లు కూర్చునే ఎత్తు పీట, వాళ్లు చూసుకోవడానికి ఒక చేతి అద్దం. ఆయనకి కుడిపక్క గోడ. ఎడమపక్క బావమరిది, అంటే భార్యకి తమ్ముడు, గ్యాస్ మంటతో గొలుసులు చేస్తాడు. బావమరిదికి అవతల కిటికీ. ఇద్దరి మధ్యా పదమూడేళ్లుగా తెగని తగాదా ఏదైనా ఉంటే అది ఆ కిటికీయే. గ్యాసూ, నగల్ని కడిగే యాసిడ్ నీళ్ల ఆవిరీ బయటికి పోవాలంటే అది తెరిచి ఉండాలి. దీపం వణకకుండా ఉండాలంటే మూసి ఉండాలి. చివరికి ఒక రెక్క మూసి, ఒక రెక్క తెరిచి ఇద్దరూ సమానంగా అసంతృప్తి పడుతున్నారు.

ఆ సోమవారం బల్ల మీద ఒక పాత పతకం ఉంది. పంతులమ్మగారి అమ్మగారిది. పన్నెండు తీగ రెక్కల పువ్వు. ఒక రెక్క ఊడిపోయింది. సన్నపనాయన కుడి కంటికి భూతద్దం బిగించి, గొట్టం నోట పెట్టి ఊదాడు. నీలం ముల్లు లేచింది, వణికింది, తెగిపోయింది. మళ్లీ ఊదాడు. మళ్లీ తెగింది. ఎక్కడో గాలి సన్నగా బుస్సుమంటోంది.

"నా గొట్టం కింద పడేశావా?" అన్నాడు.

"నీ గొట్టం జోలికి నేనెందుకొస్తాను బావా? దాని మీద నీ పంటి గాట్లు చూస్తేనే నాకు భయం" అన్నాడు బావమరిది.

"మరి కారుతోంది."

"ముప్పై ఏళ్లు కొరికితే ఇనుమైనా కారుతుంది."

గొట్టాన్ని నీళ్ల గ్లాసులో ముంచి, కొస వేలితో మూసి ఊదాడు. గొట్టంలోంచి ఒక్క బుడగ రాలేదు. గాలి మాత్రం ఎటో పోతోంది. నోరు పెట్టే చోట అరిగి ఉంటుందనుకుని, మైనం రాసిన దారం చుట్టాడు. మధ్యాహ్నందాకా అది చుట్టడం, విప్పడం. మంగళవారం కొత్త గొట్టం కొని తెచ్చాడు. అదీ కారింది. ఈ రోజుల్లో చేసేవాడికి బుద్ధి లేదు, అమ్మేవాడికి సిగ్గు లేదు అని తేల్చాడు. బుధవారం బావమరిది తన పని పక్కన పెట్టి, పాత గొట్టం కొలతకి సరిపోయేలా కొత్త మూతి చేసిచ్చాడు. అందులోంచీ గాలి పోయింది.

పనివాడికి పనిముట్టు తేడా చేస్తే ముందు పనిముట్టునే తిప్పి చూస్తాడు. తన మొహాన్ని తిప్పి చూసుకోవాలని ఎవరికి తోస్తుంది?

అయినా గుర్తులు రాకపోలేదు. ఆదివారం నుంచే కుడి చెవి వెనక ఒకటే సలుపు. దిండు సరిగా లేదనుకున్నాడు. కంసాలి దెబ్బలు వందైనా కమ్మరి దెబ్బ ఒకటికి చాలవంటారు, కానీ బావమరిది సుత్తి టక్కుటక్కులు కమ్మరి సమ్మెటల్లా చెవిలో పడుతున్నాయి. "కాస్త మెల్లగా కొట్టు, నా మీద కోపం దాని మీద చూపించకు" అని కసిరాడు. టీ తాగితే రుచి నాలుకకి ఒక పక్కే తెలిసింది. పుక్కిలిస్తే నీళ్లు చొక్కా మీదికి జారాయి. పన్ను కదిలిందనుకున్నాడు. భార్య చెల్లెలి కాన్పుకని వెళ్లింది. ఆమె లేదు గనక గడ్డం గీసుకోలేదు. గడ్డం గీసుకోలేదు గనక అద్దం చూడలేదు. బావమరిది కూర్చునేది ఎడమపక్క. కుడి చెంప చూడటానికి ఉన్నది గోడ ఒక్కటే.

గురువారం పొద్దున పంతులమ్మగారు పీట మీద కూర్చున్నారు. డెబ్బై దాటిన మనిషి. పిల్లల్ని నిలబెట్టి అడిగిన అలవాటు ఇంకా పోలేదు.

"పతకం ఇంకా కాలేదమ్మా" అన్నాడాయన. "గొట్టం కారుతోంది."

"దానికేం తొందర? మా అమ్మ పోయి ఇరవై ఏళ్లయింది. ఆవిడకీ తొందర లేదు." అని ఆమె ఆగిపోయారు. "ఏదీ, ఇటు చూడు. నవ్వు."

"ఎందుకమ్మా?"

"నవ్వమంటే నవ్వు."

నవ్వాడు. ఆమె చేతి అద్దం తీసి ఆయన ముందు పెట్టారు. ఎడమ సగం నవ్వుతోంది. కుడి సగం ఆ నవ్వుకి సంబంధం లేనట్టు వేలాడుతోంది. కుడి కన్ను రెప్ప పడక, నీళ్లు నిండి, ఎవరో కొత్తమనిషి కన్నులా ఆయన్నే చూస్తోంది.

బావమరిది లేచి ఇవతలి పక్కకొచ్చి చూశాడు. చేతిలో పట్టకారు అలాగే ఉండిపోయింది.

"ఆస్పత్రికి వెళ్లు. నాన్చకు" అన్నారు పంతులమ్మగారు. "చేతులూ కాళ్లూ ఆడుతున్నాయా? పట్టు నా చెయ్యి. గట్టిగా." ఆయన పట్టాడు. ఆమె ఆ చేతిని కాసేపు వదల్లేదు.

భయంతో ఉన్న మనిషికి కోపం దగ్గర చుట్టం. సన్నపనాయన బావమరిది వైపు తిరిగి, సగం నోటితో, ఒక్కో మాటా తొక్కి పలుకుతూ అన్నాడు: "నీ కిటికీయే. పదమూడేళ్లు చెప్పాను మూసెయ్యమని. నీ గాలే నా మొహం తినేసింది."

బావమరిది పట్టకారు బల్ల మీద పెట్టి కిటికీ వైపు చూశాడు.

బావమరిది కబురు పంపితే మధ్యాహ్నం బండికి భార్య దిగింది. వాకిట్లో సంచి పెట్టి మొగుడి మొహం చూసి, సంచి విప్పకుండానే ఆయన్ని వెంటబెట్టుకుని బయల్దేరింది.

డాక్టరమ్మ చిన్నవయసు మనిషి. పొద్దుటి నుంచి ఎవరి మొహాలో చూసి చూసి అలిసిపోయి ఉంది. అయినా ఆయన్ని తొందరపెట్టలేదు. చెవి లోపల చూసి, పొక్కులేమీ లేవంది.

"నుదురు ముడత వేయండి. కనుబొమ్మలు పైకి."

ఎడమ బొమ్మ లేచింది. కుడిది లేవలేదు. భార్య చేత్తో నోరు మూసుకుంది.

"లేవకపోవడమే మంచిదైంది" అంది డాక్టరమ్మ. "మెదడులో రక్తనాళం దెబ్బతింటే మామూలుగా నుదురు కదులుతుంది, కింద సగమే పడిపోతుంది. నుదుటికి మెదడు రెండు పక్కల నుంచీ ఆజ్ఞ వస్తుంది గనక. మీకు నుదురూ పోయింది. కాళ్లూ చేతులూ గట్టిగా ఉన్నాయి. అంటే మెదడు బాగుంది, మొహానికొచ్చే నరం ఒక్కటే దెబ్బతింది. ఆ నరం చెవి వెనక ఎముకలో సన్నటి సొరంగంలోంచి వస్తుంది. నరం వాచింది. ఎముక సాగదు కదా."

సన్నపనాయనకి అర్థమైంది. తీగ లాగే కమ్మచ్చు గుర్తొచ్చింది, బెజ్జాల ఇనుప పలక. సన్న బెజ్జంలో లావు తీగ ఇరుక్కుంటే ఏమవుతుందో ఆయనకి ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఎందుకు వాచింది?"

"నూటికి నూరుపాళ్లు ఎవరూ చెప్పలేరు. ఎప్పుడో వచ్చిపోయిన వైరస్ ఒకటి నరాల్లో నిద్రపోయి, మళ్లీ లేస్తుందని అనుకుంటున్నాం."

"కిటికీ గాలి తగిలి..."

"గాలికి అంత బలం లేదండీ. అందరూ అదే అంటారు. గాలి వల్ల కాదు. ఎవరి తప్పూ కాదు." ఆమె కాగితం మీద రాస్తూ అడిగింది, "మొదలై ఎన్నాళ్లయింది? మూడు రోజుల్లోపు మందు పడితే బాగా పట్టుకుంటుంది."

ఆయన వేళ్లు మడిచాడు. సోమవారం పొద్దున మంటకి నత్తి. సోమ, మంగళ, బుధ. ఇవాళ గురువారం సాయంత్రం. చుట్టిన దారం, విప్పిన దారం, కొత్త గొట్టం, కొత్త మూతి. లేని చిల్లు వెతుక్కుంటూ మూడు రోజులూ తన చేత్తో తనే పారబోశాడు.

"మూడు దాటాయి" అన్నాడు.

డాక్టరమ్మ కలం ఒక్క క్షణం ఆగింది. "పరవాలేదు. మందు ఇస్తాను. పదిమందిలో ఏడెనిమిది మందికి పూర్తిగా తగ్గిపోతుంది. కన్ను మాత్రం జాగ్రత్త. రెప్ప పడదు. పగలు చుక్కలు వేయండి, పడుకునేటప్పుడు రెప్ప మూసి పట్టీ అంటించండి. ఎండితే గుడ్డు మీద పుండు పడుతుంది."

"నేను ఊదేవాణ్ణమ్మా" అన్నాడాయన. ఆ మాటలో సగం గాలే.

ఇంటి గుమ్మంలో బావమరిది నిలబడి ఉన్నాడు. కొట్టు మూసి తిన్నగా వచ్చేశాడు. "ఏమన్నారు బావా?"

సన్నపనాయన చెప్పులు విప్పుతూ తలెత్తకుండా అన్నాడు: "గాలే."

భార్య ఆయన వైపు చూసింది. తమ్ముడి వైపు చూసింది. లోపలికి వెళ్లి మంచినీళ్ల గ్లాసు తెచ్చి, మొగుడికి కాదు, తమ్ముడికి ఇచ్చింది.

ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆయనకే తెలీదు అలా అంటాడని. తప్పు గాలిదైతే కిటికీది. కిటికీదైతే బావమరిదిది. గొట్టాన్ని నమ్మి మూడు రోజులు కాలదన్నుకున్నవాడు అక్కడ కనిపించడు. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకుంటాడంటారు. ఈయన పక్కవాడి తల పట్టుకుని తేలాడు.

మొదటి నెల అంతా వెళ్లిపోయింది. మొహం రాలేదు. తిన్నది కుడి దవడలో ఇరుక్కునేది, వేలితో తీసుకోవాలి. నీళ్లు తాగితే గడ్డం మీద కారేవి. భార్య భోజనం దగ్గర ఆయనకి కుడిపక్కకి మారి కూర్చుంది. ఎటో చూస్తూ, ఏదో చెబుతూ, చేతిగుడ్డతో ఆ పక్క తుడిచేది. తుడుస్తున్నట్టు ఆమెకే తెలియనట్టు తుడిచేది. వీధిలో ఒకామె ఆయన ఒక కన్నే రెప్ప వేయడం చూసి, కన్నుకొడుతున్నాడనుకుని తిట్టింది. తర్వాత ఆయన బయటికి పోవడం మానేశాడు. ఎదురింటి ముసలాయన రోజూ వచ్చి, ఎడమపక్కనే కూర్చుని, మొహం సంగతి ఎత్తకుండా తన మోకాళ్ల గురించి గంటసేపు చెప్పి వెళ్లేవాడు. ఆ మోకాళ్లకి సన్నపనాయన ఎంత రుణపడ్డాడో ఆ ముసలాయనకి తెలీదు.

రెండో నెలలో ఒకసారి నిద్రలో పట్టీ ఊడింది. తెల్లారేసరికి కన్ను నిప్పుకణిక. పుండు మానడానికి మూడు వారాలు పట్టింది. మానాక నల్లగుడ్డు అంచున గోరు గీసినంత తెల్ల మచ్చ మిగిలింది. చూపు మధ్యలో పడలేదు, అంతవరకూ నయం అన్నారు ఆస్పత్రిలో.

రోజూ కొవ్వొత్తి వెలిగించి ముందు పెట్టుకునేవాడు. ఆర్పాలి. ఊదితే గాలి కుడి మూలలోంచి పక్కకి జారిపోయేది. కొవ్వొత్తి తల కూడా ఊపేది కాదు.

బావమరిది ఆదివారం ఆదివారం వచ్చేవాడు. కొట్టు సంగతులు చెప్పేవాడు. తీగపని వస్తే తిప్పి పంపేస్తున్నాననీ, పంతులమ్మగారు మాత్రం పతకం వెనక్కి తీసుకోనన్నారనీ చెప్పాడు. ఒక ఆదివారం అన్నాడు: "కిటికీ మూసేశాను బావా. రేకు కొట్టేశాను. నువ్వు వచ్చేసరికి గాలి పోగు కూడా రాదు." దగ్గుతూ అన్నాడు.

అతను వెళ్లాక భార్య అంది: "మా తమ్ముడికి చెప్పరా?"

"చెప్తా."

"ఎప్పుడు?"

"నోరు కాస్త తిన్నగా రానీ."

"అబద్ధం చెప్పడానికి సగం నోరు సరిపోయింది" అంది ఆమె. ఎత్తిపొడిచినట్టు కాదు, ఉన్న మాట అన్నట్టు. ఆయన తల దించుకున్నాడు. "నేను చెప్పడం ఎంతసేపండీ? కానీ నేను చెబితే వాడికి మీరు అబద్ధాలకోరుగా మిగిలిపోతారు. మీరు చెబితే తప్పు చేసిన మనిషిగా మిగులుతారు. దాన్నైనా దక్కించుకోండి." ఇంత చెప్పి, ఆయన తల వెనక్కి వంచి కంట్లో చుక్కలు వేసింది. ఆ చేతులు ఎప్పుడూ ఒక్కలాగే మెత్తగా ఉన్నాయి. అదే ఆయనకి మరీ కష్టంగా ఉండేది.

నాలుగో నెల చివర పెదవి మూల అదిరింది. చేప గాలాన్ని ముట్టినట్టు, ఒక్కసారి. ఐదో నెలలో బుగ్గ బిగిసింది. ఒక పొద్దున కొవ్వొత్తి ఆరిపోయింది. ఆయన దాన్ని మళ్లీ వెలిగించి మళ్లీ ఆర్పాడు. అలా పదకొండు సార్లు. భార్య వంటింట్లోంచి పొగ వాసన పసిగట్టి వచ్చి చూసింది. ఊదినప్పుడల్లా ఆయన కుడి కన్ను మూసుకుపోవడం ఆమె కంటబడింది. ఆ సంతోషంలో ఆయన గమనించలేదు. ఆమె ఆ పూట చెప్పలేకపోయింది.

మర్నాడు కొట్టుకి వెళ్లాడు. తలుపు తీయగానే వేడి మొహాన కొట్టింది. కిటికీ లేదు. రెండు రెక్కల మీదా రేకు, రేకు చుట్టూ మేకులు, సందుల్లో కుక్కిన పాతగుడ్డలు. మూసిన గది నిండా గ్యాసూ, యాసిడ్ ఆవిరీ, చెమటా. బావమరిది బనీనుతో కూర్చుని పని చేస్తున్నాడు. కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. ఆయన్ని చూసి లేచాడు, ఏదో అనబోయి దగ్గు తెరలో చిక్కుకున్నాడు. అది ఆగేదాకా సన్నపనాయన గుమ్మంలోనే నిలబడ్డాడు.

"రా బావా. నీ దీపం తుడిచి పెట్టాను."

దీపం వెలిగించాడు. మంట కదల్లేదు. పదమూడేళ్లలో అంత నిలకడైన మంట ఆయన చూడలేదు. పనికిరాని తీగముక్క ఒకటి బొగ్గు దిమ్మ మీద పెట్టి, ఎడమ కన్ను మూసి, కుడి కంటికి భూతద్దం బిగించి, గొట్టం నోట పెట్టి ఊదాడు. బుగ్గ ఆగింది. నీలం ముల్లు లేచింది, సాగింది, నిలిచింది.

ఆ వెంటనే చీకటి పడింది.

గొట్టం తీశాడు. వెలుగొచ్చింది. మళ్లీ పెట్టి ఊదాడు. బుగ్గ నిండగానే కుడి రెప్ప దానంతటది బిగుసుకుని మూసుకుపోతోంది. మూతి బిగిస్తే కన్ను మూసుకుంటుంది. మూతి వదిలితే కన్ను తెరుచుకుంటుంది. నరం మళ్లీ మొలిచిందే గాని దారి తప్పింది. మూతికి పోవలసిన పోగు ఒకటి కంటికి పోయి అతుక్కుంది. అతుకులు వేసేవాడికి అది అర్థం కావడానికి ఎంతసేపు? తప్పు చోట పడిన అతుకు. విప్పడానికి వీల్లేనిది. ఎడమ కంటికి భూతద్దం పెట్టి చూశాడు. ముప్పై ఏళ్లు ఖాళీగా కూర్చున్న కన్నుకి మంట మొనకీ తీగకీ మధ్య దూరం తెలియలేదు. తీగ కరిగి ఉండైంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. మూడు ఆవగింజలు బొగ్గు మీద మెరుస్తున్నాయి.

బావమరిది చూస్తూనే ఉన్నాడు. మెల్లగా లేచి ఒక గుడ్డపీలిక తీసుకున్నాడు. "ఇంకా ఎక్కడో గాలి వస్తున్నట్టుంది బావా. ఉండు, సందేదైనా ఉందేమో చూస్తా" అని రేకు అంచుల వెంట అరచెయ్యి పెట్టి తడుముకుంటూ వెళ్లాడు. ఒక్కో మేకు దగ్గరా ఆగి, లేని గాలి కోసం వెతుకుతున్నాడు.

సన్నపనాయన ఆ చేతిని చూడలేకపోయాడు.

"ఒరేయ్. వచ్చి కూర్చో. గాలి కాదు."

"ఏది?"

"నా మొహం. గాలి వల్ల కాదు. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది."

బావమరిది చెయ్యి రేకు మీద ఆగింది. "ఏ రోజు?"

"మొదటి రోజే. గాలికి సంబంధం లేదు, ఎవరి తప్పూ లేదు అంది. మూడు రోజుల్లోపు వస్తే మందు బాగా పట్టేదంది. ఆ మూడు రోజులూ నేను గొట్టం పట్టుకుని కూర్చున్నాను. ఆ సంగతి ఒప్పుకోలేక నీ నెత్తిన వేశాను."

బావమరిది వచ్చి గ్యాస్ కట్టేశాడు.

"అక్కకి తెలుసా?"

"తెలుసు. నన్నే చెప్పమంది. ఐదు నెలలుగా చెప్పమంటోంది."

అతను చేతిలోని గుడ్డపీలిక బల్ల మీద పడేశాడు. "నాకు అనుమానం రాకపోలేదు బావా" అన్నాడు. "కిటికీ నీకు ఎడమ పక్క. పడిపోయింది కుడి. గాలి ఎలా తగిలిందా అని చాలాసార్లు ఆలోచించాను. గోడకి కొట్టి తిరిగొచ్చి ఉంటుందిలే అనుకున్నా."

ఇంకో రోజైతే ఇద్దరూ పడీ పడీ నవ్వేవాళ్లు. ఇద్దరూ నవ్వలేదు.

బావమరిది బల్ల సొరుగులోంచి మేకులు పీకే పట్టకారు తీసి ఆయన ముందు పెట్టాడు. "పద్నాలుగున్నాయి. కొట్టింది నేను. పీకేది నువ్వు."

పీకాడు. సన్నపనికి అలవాటైన చేతులు, మేకులు మొండివి. తొమ్మిదో మేకు దగ్గర బొటనవేలు చీరుకుంది. బావమరిది సాయం రాలేదు. గోడకి ఆనుకుని మంచినీళ్లు తాగుతూ లెక్కపెట్టాడు. పద్నాలుగో మేకు ఊడాక రేకు కింద పడింది. రెక్కలు తెరుచుకున్నాయి. గాలి వచ్చింది. దీపం ఆరిపోయింది. బావమరిది కిటికీలో తల పెట్టి, ఊపిరి అందినంత మేరా పీల్చి, దగ్గి, మళ్లీ పీల్చాడు. వీపు ఎముకలు బనీను కింద లేచి పడుతున్నాయి. ఇంతలా చిక్కిపోయాడని సన్నపనాయన ఇంతవరకూ చూడలేదు.

అతను వెనక్కి తిరిగాక కిటికీ తనే మూశాడు. "ఊదినంతసేపు మూస్తా. ఆపగానే తెరుస్తా. సరేనా?"

"ఊది ఏం లాభం? కన్ను మూసుకుపోతోంది."

"నాకు రెండున్నాయి కదా." పీట జరుపుకుని ఆయన భుజం పక్కగా వచ్చి కూర్చున్నాడు. భూతద్దం తీసి తన కంటికి బిగించుకున్నాడు. "నువ్వు ఊదు. నేను చూసి చెప్తా. టంకం మెరవగానే మోకాలితో తంతాను, ఆపెయ్."

"తన్నకు. తట్టు."

"ఐదు నెలలు బావా. తంతాను."

దీపం మళ్లీ వెలిగించారు. మొదటి తీగ కరిగింది. రెండోది అతకలేదు. "వెంట్రుకవాసి కిందికి," "ఇంకా," "చాలు, అక్కడే," అని చెవిలో గొంతు. లోపల చీకటి, బుగ్గలో గాలి. ఎప్పుడు ఆపాలో తెలియని మనిషి ఎలా ఊదాలో ఆయన యాభై మూడో ఏట నేర్చుకున్నాడు. ఐదోసారి మోకాలు గట్టిగానే తగిలింది. గొట్టం తీసి కన్ను తెరిచేసరికి రెండు తీగలు ఒకటై ఉన్నాయి.

మధ్యాహ్నానికి పంతులమ్మగారి పతకం పన్నెండో రెక్క అతికింది. అతుకు కాస్త లావుగా వచ్చింది. మునుపటి ఆయన పని తెలిసినవాడు భూతద్దంతో చూస్తే పట్టేస్తాడు. ఆ ఒక్క రెక్కకీ ఇద్దరు మనుషులు, ఒక పూట పట్టింది. ఇక ముందూ ఇంతే. దాన్ని పని అనొచ్చో లేదో ఇద్దరూ పైకి అనుకోలేదు.

కిటికీ తెరిచి భోజనాల డబ్బా విప్పారు. అక్క ఇద్దరికీ సరిపడా పెట్టింది, ఎవరూ చెప్పకుండానే. సన్నపనాయన మొదటి ముద్ద నమలగానే కుడి కంట్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. బావమరిది తినడం ఆపి చూశాడు.

"ఏడుపు కాదు" అన్నాడాయన. "తింటుంటే కారతాయి. నోటి తడికి పోవలసిన పోగు ఇక్కడికి వచ్చి తగులుకుంది. మొన్న డాక్టరమ్మ చెప్పింది."

బావమరిది చెయ్యి ముద్ద మీదే ఉంది. "ఇదైనా నిజంగా చెప్పిందా?"

"చెప్పింది."

అతను కాసేపు ఆయన మొహం చూశాడు, ఈసారి కుడిపక్క. తర్వాత తల ఊపి, తన డబ్బా మూతలో ఉన్న కూర సగం ఆయన వైపు తోసి, తినడం మొదలుపెట్టాడు. సన్నపనాయన నమిలాడు. కుడి కన్ను కారుతూనే ఉంది. కొంతసేపటికి ఎడమ కన్ను కూడా తడిసింది. దాని గురించి డాక్టరమ్మ ఏమీ చెప్పలేదు.